సుస్తు – సుస్తీ

మా వై. ఎన్. హొసకోట కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోనిది. ఈ తాలూకాకు మూడు ప్రక్కల ఆంధ్రదేశమే. ఇంట తెలుగు, బడిలో కన్నడము, అంగడిలో రెండును మాటలాడుచు పెరిగినవారము గనుక మాకు కొన్ని మాటలు జంటలుగానే అబ్బినవి. అట్టి జంటలలో నొకటి ఈ వ్యాసమునకు పేరైనది. కన్నడమున ‘సుస్తు’ అనగా అలసట. తెలుగున ‘సుస్తీ’ అనగా జబ్బు. రెండును పారశీకమున పుట్టి ఉరుదూ వెంట వచ్చిన ఒక్క మాటయే. కన్నడిగులు దానిని అలసటయొద్ద నిలిపిరి. తెలుగువారు మరియొక అడుగు ముందునకు నడిపి జబ్బు చేసిరి. ఈ రెండు మాటల నడుమ నున్న దూరమును గూర్చియే మేము కొంత వ్రాయదలచితిమి. అలసట ఎప్పుడు జబ్బగును? ఏ దారిని అగును? అందును మగవారిలో ఎవ్వరికిని తెలియకుండ ఎట్లగును?

మేము వైద్యులము కాము. చదివినది ఎస్.ఎస్.ఎల్.సి. వరకే. ఒక కార్యాలయమున ముప్పది నాలుగేండ్లు గుమాస్తాగా పనిచేసి ఇప్పుడు విశ్రాంతిగా నున్నాము. ఐనను నేతగాండ్ర ఊరిలో పుట్టి గుమాస్తాల గదిలో ముదిసినవారికి ఈ విషయమున కంటితో చూచినది కొంత ఉండును. తీరిక దొరికిన తరువాత చదివి తెలిసికొన్నది మరికొంత కలదు.

మా ఊరు పట్టుచీరల నేతకు పేరుపడినది. మా చిన్నతనమున వీధిని నడచుచుండగా ఇంటింటినుండియు మగ్గపు చప్పుడు వినవచ్చెడిది. ఇప్పుడు ఆ చప్పుడులో మరమగ్గముల రొద కలసినది. గుంతమగ్గము నెరుగని నేటి పిల్లలకొరకు రెండు మాటలు. నేలలో త్రవ్విన గుంతలోనికి కాళ్లు దించి, గట్టున కూర్చుండి, కాళ్లతో పలకలు త్రొక్కుచు, ఒక చేత త్రాడు లాగి నాడె నడుపుచు, రెండవ చేత పేకపోగును దగ్గరకు కొట్టుచు నేయవలెను. కన్ను పడుగుమీదనే యుండవలెను. పట్టుపోగు తెగినచో అతికి మరల సాగవలెను. జరీ అంచుగల పెండ్లిచీర మగ్గము దిగుటకు దినములు పట్టును; పనితనము ఎక్కువైనచో వారములు పట్టును. కూలి చీరకు ఇంత అనియే గాని గంటకు ఇంత అని లేదు. చీర ముగిసిన గాని డబ్బు చేతికి రాదు.

చూచువారికి నేతగాడు తన యింట తాను కూర్చుండి పనిచేసికొను స్వతంత్రుడు. పై అధికారి లేడు, హాజరుపట్టీ లేదు. కాని మగ్గము ఇంటిలోనే యున్నది గనుక ఆ పనికి తలుపు మూయు వేళయు లేదు. గుమాస్తా సాయంకాలము బీరువాకు తాళమువేసి ఇంటికి రాగలడు. నేతగాడు అన్నము తినుచును మగ్గమునే చూచుచుండును, చాపమీద పండుకొనియు మగ్గమునే చూచుచుండును. పట్టును జరీయును సావుకారువి. ముందుగా తీసికొన్న బాకీ తనది. పట్టు ధర పెరిగినను, పెండ్లిండ్ల కాలము తప్పిపోయినను ఆ దెబ్బ వచ్చి గుంతలోనే పడును. 2020 మార్చి 25న దేశమంతయు మూతపడినప్పుడు పెండ్లిండ్లు నిలిచినవి, చీరలు నిలిచినవి. బాకీ మాత్రము నిలువలేదు.

మా అక్కగారి భర్త, మా బావగారు, అట్టి నేతగాడు. తెల్లవారుజామున అయిదింటికి గుంతలో దిగి రాత్రి తొమ్మిదింటికి లేచెడివారు. నడుమ భోజనము, ఒక కునుకు. ఇద్దరు కూతుండ్ర పెండ్లిండ్లు రెండేండ్లలో చేసిరి. అందుకై సావుకారువద్ద బాకీ పెరిగినది. అప్పటినుండి ఆయనకు నిద్ర రాత్రికి నాలుగు గంటలు. మెడ వెనుక బరువు, సాయంత్రమునకు తలపోటు, నీళ్లబిందె ఎత్తినను ఆయాసము. ‘ఏమి బావా, ముఖం అట్లుంది?’ అని మేము అడిగినచో ‘ఏం లేదప్పా, కొంచెం సుస్తు, అంతే’ అనువారు. మా అక్కగారు వేడిచేసినదని మజ్జిగయు సబ్జానీళ్లును ఇచ్చెడివారు. ఆయన మందుల అంగడిలో నొప్పిమాత్రలు కొని మ్రింగెడివారు. ఆసుపత్రికి పోయిన దినమున చీర అంత వెనుకబడును గనుక పోలేదు. అట్టి నొప్పిమాత్రలలో పెక్కు రకములు చాలకాలము వాడినచో రక్తపోటును పెంచుననియు, మూత్రపిండములకు కీడు చేయుననియు మేము ఇటీవల చదివితిమి.

2003లో ఒక ఉదయము మగ్గముమీదనే ఆయన కుడిచేయి పడిపోయినది. మా అక్కగారు వంటయింటిలో నుండిరి. ఆమెకు తెలిసిన మొదటి గురుతు మగ్గపు చప్పుడు ఆగుటయే. పట్టణపు ఆసుపత్రిలో పరీక్షింపగా రక్తపోటు 210 మీద 120 ఉన్నది. బ్రతుకున ఆయన రక్తపోటు చూపించుకొనుట అదియే మొదటిసారి. అప్పటికి ఆయనకు యేబది రెండేండ్లు. పదునొకండు నెలలు మంచమున నుండి పోయిరి. ఇది నేటిది కాదు, పదేండ్లనాటిది కావచ్చునని వైద్యుడు చెప్పెను. ఆ పదేండ్లును ఇంటిలో దానికి పేరు సుస్తు.

అలసట యందు రెండు రకములు కలవు. ఒకటి కండ అలసట. దాని లోగుట్టును వెలికి తీసినవారిలో మన తెలుగువాడొకడు కలడని చెప్పుటకు సంతసించుచున్నాము. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కే యను శాస్త్రజ్ఞునితో కలసి 1927లో కండలయందలి ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును గూర్చి ప్రకటించిరి. కండ పనిచేయునప్పుడు ఆ పదార్థము విడిపోవును. విశ్రమించినప్పుడు మరల కూడుకొనును. అనగా కండకు తనదైన చిట్టా కలదు. పనిలో ఖర్చు వ్రాసినది విశ్రాంతిలో జమ యగును. (గుమాస్తా పోలికకు చదువరులు నవ్వుకొందురు గాక.) నాగలి దున్ని పండుకొన్న రైతు తెల్లవారి లేచునప్పటికి నిన్నటి అలసట సగమునకు పైగా తీరియుండును. ఈ అలసట జబ్బు కాదు. ఆకలివలె ఇది దేహధర్మము.

రెండవది దిగులు అలసట. దీనికి జమ పద్దు కనబడదు. పండుకొన్నను తీరదు, పండుకొనుటకే రానీయదు. చింతకును చితికిని సున్న యొక్కటియే తేడా యని మన పెద్దలు చమత్కరించిరి. ఆ చమత్కారము వెనుక నున్న దేహపు యంత్రమును పాశ్చాత్యులు గత శతాబ్దమున విప్పి చూచిరి. 1915లో హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన వాల్టర్ కానన్ భయము, ఆకలి, కోపము దేహమున తెచ్చు మార్పులను గూర్చి గ్రంథము ప్రకటించెను. చేనిగట్టున పాము కనబడినదనుకొనుడు. మూత్రపిండముల తలపై టోపీలవలె నుండు అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపోటు పెరుగును, జీర్ణమగు పని వెనుకబడును, బలమంతయు కాళ్లకు చేతులకు పోవును. కొట్టుటకో పరుగెత్తుటకో దేహము సిద్ధపడును. వెంటనే మరియొక రసము, కార్టిజాల్, వచ్చి రక్తములోనికి చక్కెరను నింపి ఆ బలమును నిలుపును. ఇది మనలను రక్షించుటకు ఏర్పడిన ఏర్పాటే. పాము పొదలోనికి పోయిన కొంతసేపటికి అన్నియు సర్దుకొనును.

బాకీ పొదలోనికి పోదు. అది చిక్కంతయు అక్కడనే. సావుకారు మనిషి ప్రతి శనివారము వచ్చును. చీటీ కంతు ప్రతి నెల వచ్చును. ప్రతిసారియు దేహము పాము కనబడినట్లే సిద్ధపడును. కొట్టుటకు లేదు, పరుగెత్తుటకును లేదు, కదలక కూర్చుండి నేయవలెను. 1936లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమునుండి హాన్స్ సెల్యే యను యువ వైద్యుడు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖ ప్రకటించెను. ఎలుకలను చలిలో నుంచినను, గాయపరచినను, మితిమీరి శ్రమపెట్టినను వాని దేహములలో ఒకే తీరు మార్పులు వచ్చినవి: అధివృక్క గ్రంథులు ఉబ్బినవి, రోగములనెదుర్కొను థైమస్ గ్రంథి కుంచించుకొనిపోయినది, కడుపున పుండ్లు పడినవి. కష్టము ఏదైనను దేహము దానిని ఒకే ఖాతాలో వ్రాసికొనుచున్నదని ఆయన ఊహ. తరువాతి వారు ఆ ఖాతాను పద్దు పద్దుగా పరీక్షించిరి. ఏండ్ల తరబడి రక్తపోటు హెచ్చియుండుటచేత నాళముల గోడలు బిరుసెక్కును. కార్టిజాల్ దిగకుండుటచేత రక్తమున చక్కెర పెరుగును, నడుముచుట్టు కొవ్వు చేరును. రోగములనాపు శక్తి తగ్గును. 1991లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, జలుబు క్రిములను ముక్కున వేయించుకొనుటకు ఒప్పుకొన్న నాలుగువందలమందిలో, దిగులు ఎక్కువగా నున్నవారికే జలుబు ఎక్కువగా పట్టినది. క్రిమి యొకటియే, పట్టినవాడును పట్టనివాడును వేరు.

ఇచట ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. నిద్ర మానుకొని పనిచేయుట మగతనమని మన వీధిలో పేరు. పెండ్లిసంబంధములు చూచునప్పుడును ‘రాత్రింబవళ్లు కష్టపడును’ అని పెండ్లికుమారుని పొగడుదురు. మగవారికి మగతనమునిచ్చు టెస్టోస్టిరోన్ అను రసము ముఖ్యముగా నిద్రలోనే ఊరును. చికాగో విశ్వవిద్యాలయము వారు పదిమంది ఆరోగ్యవంతులగు యువకులను ఒక వారముపాటు రాత్రికి అయిదు గంటలే నిద్రింపనిచ్చి చూడగా, పగటివేళ ఆ రసము నూటికి పదినుండి పదునైదు పాళ్లు తగ్గినది. అది 2011లో అచ్చైనది. నాలుగు గంటల నిద్రతో పెక్కేండ్లు గడపినవాని గతి చదువరులే ఊహించుకొందురు గాక. పెద్దల సభలో ఇంతకన్న విప్పి చెప్పుట బాగుండదు.

గుండెజబ్బు, రక్తపోటు గొప్పవారి జబ్బులని మా ఊరిలో చాలకాలము నమ్మకముండెను. మేడలు, కార్లు, బాధ్యతలు గలవారికి వచ్చునవి. కూలివానికి ఒళ్లు విరుగుట తప్ప ఏమియు రాదని. ఈ నమ్మకమును లండను గుమాస్తాలు పోగొట్టిరనిన వింతగా నుండును. ఆ నగరమున వైట్ హాల్ అను వీధిలో ప్రభుత్వ కచ్చేరీలు కలవు. 1967లో అచటి మగ ఉద్యోగులను సుమారు పదునెనిమిది వేలమందిని పరీక్షించి, వారి బాగోగులను ఏండ్ల తరబడి గమనించుటకు పూనుకొనిరి. తరువాత మైకేల్ మార్మట్ మొదలగువారు లెక్కలు తీసిరి. పై మెట్టున నున్న కార్యదర్శుల కంటె అడుగు మెట్టున నున్న బంట్రోతులు, చిల్లర ఉద్యోగులు గుండెజబ్బుచే మరణించుట సుమారు మూడురెట్లు. వీరెవ్వరును తిండిలేని బీదలు కారు, గనిలో పనిచేయువారు కారు. అందరును కుర్చీ బల్లల వారే. పొగత్రాగుట, కొవ్వు మొదలగువానిని లెక్కలోనికి తీసికొన్నను ఆ తేడాలో సగము కూడ తీరలేదు. 1985లో మరల మొదలుపెట్టిన రెండవ పరిశోధనలో, సుమారు పదివేలమంది ఆడవారిని మగవారిని చూడగా, తన పనిమీద తనకు అధికారము తక్కువగా నున్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వచ్చుచున్నట్లు తేలినది. పని బరువు ఒకటియే కాదు. ఆ బరువును ఎప్పుడు దించుకొనవలెనో నిశ్చయించు హక్కు తనకు లేకపోవుట.

దీనిని చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. మేము పనిచేసిన గదిలో ఆరుగురము. మార్చి నెలాఖరు లెక్కలు ముగించుటకు రాత్రి పదునొకండింటి వరకు కూర్చుండెడివారము. అది కష్టము కాదు, అలవాటు. వ్రాసిపంపిన కాగితము కారణము తెలుపకయే తిరిగి వచ్చుట, సెలవు మంజూరైనదో లేదో ఊరికి బయలుదేరు ఉదయము వరకు తెలియకుండుట, ఎవరో చేసిన తప్పునకు సంజాయిషీ మన పేర వచ్చుట — ఇవి కష్టము. ఆరుగురిలో ఇద్దరు అరువదేండ్లు నిండకయే గుండె ఆగి పోయిరి. ఒకరికి నలువది యారు. పై అధికారులు మారుచుండిరి. వారిలో పెక్కురు నేటికిని ఆరోగ్యముగా ప్రాతఃకాలపు నడకకు పోవుచు మాకు కనబడుదురు. వారియెడల మాకు అసూయ లేదు. లండను లెక్క మా గదిలోను సరిపోయినదని చెప్పుటకే ఈ మాట.

గుంతమగ్గము నేతగాడును ఈ లెక్కలోని వాడే. అధికారి కంటికి కనబడకపోవుటయే తేడా. 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు అంతర్జాతీయ కార్మికసంస్థయు కలసి ఒక లెక్క ప్రకటించినవి. వారమునకు 35 నుండి 40 గంటలు పనిచేయువారితో పోల్చగా, 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయువారికి పక్షవాతము వచ్చు అవకాశము నూటికి 35 పాళ్లు, గుండెజబ్బుచే మరణించు అవకాశము 17 పాళ్లు ఎక్కువ. 2016 ఒక్క సంవత్సరముననే దీర్ఘకాలపు పనివేళలవలన ప్రపంచమున 7,45,000 మంది మరణించిరనియు, వారిలో నూటికి 72 మంది మగవారనియు వారి అంచనా. మా బావగారు తిండికి, కునుకునకు మూడు గంటలు తీసివేసినను దినమునకు పదమూడు గంటలు నేసెడివారు. వారమునకు ఎన్నియైనవో కూడిక తెలిసిన పిల్లవాడు చెప్పును. జపానువారు అతిపని చావునకు ‘కరోషి’ అని ఒక పేరే పెట్టుకొనిరి; పేరు పెట్టుకొన్నందున దానిని అడ్డగించుటకు 2014లో శాసనము చేసికొనగలిగిరి. మనకు ఆ పేరు లేదు. చనిపోయినవానిని గూర్చి ‘కష్టజీవి, పాపం’ అని ఊరకుందుము.

మన పూర్వులు విశ్రాంతిని ఎరుగనివారు కారు. మా ప్రాంతమున సోమవారమునాడు ఎద్దులకు కాడి కట్టరు, బసవన్న దినమని. మా చిన్నతనమున మా వీధిలో అమావాస్యనాడు మగ్గమెక్కెడివారు కారు. ఆనాడు తలంటి పోసికొని, మగ్గమునకు పసుపు కుంకుమలు పెట్టి, మగవారు అరుగులమీద కూర్చుండెడివారు. దానిని దైవభయమని కొందరు నవ్విరి. నెలకు ఒక దినము సావుకారు కూడ అడుగజాలని సెలవు అది. క్రమముగా అమావాస్యనాడు అరపూట నేయుట మొదలైనది. తరువాత ఆ అరపూటయు పోయినది. ఎద్దుల సోమవారము మాత్రము, ఎద్దులున్న యిండ్లలో, ఇంకను నిలిచియున్నది. మనుష్యుని సెలవు పోయి పశువు సెలవు నిలుచుట ఆలోచింపదగిన విషయము.

ఇంత చెప్పినందున ఒళ్లు నొప్పులన్నియు దిగులువలననే వచ్చునని ఎవ్వరును భావింపరాదు. ఇది మరియొక ప్రమాదము. కడుపుపుండు చింతవలననే వచ్చునని వైద్యలోకమంతయు చాలకాలము నమ్మెను. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ అనువారు దానికి ముఖ్యకారణము ఒక క్రిమి యని కనుగొనిరి. అందుకు 2005లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. మన పావగడ తాలూకాలోనైతే మరియొక శత్రువు నేలక్రింద నున్నది. బోరుబావుల నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరునకు ఒకటిన్నర మిల్లిగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అంతకు మించినది ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు మచ్చలు పడును, కీళ్లు బిగుసుకొనును, నడుమును మెడయు వంగవు. మా ఊరి నడుమునొప్పి మగ్గపుదో, నీటిదో, దిగులుదో ఇంట కూర్చుండి తేల్చుటకు వీలులేదు. సుస్తు అను ఒక్కమాట క్రింద ఈ మూటిని కలిపి కట్టివేయుటయే మన దురలవాటు.

ఆడవారు అలసిపోరా యని మా యింటిలోనే అడిగిరి. ఈ వ్యాసము వినిపించినప్పుడు వచ్చిన మొదటి ప్రశ్న అది. న్యాయమైన ప్రశ్నయే. కండెలు చుట్టి, ఆసు పోసి, వంట చేసి, పిల్లలను చూచుకొను ఇల్లాలి అలసటకు వేరుగా ఒక గ్రంథమే వ్రాయవలెను. అది ఆమెయే వ్రాయవలెను. ఐనను ఒక తేడా మేము గమనించితిమి. ఆమె బావివద్ద, గుడివద్ద, చెల్లెలివద్ద తన కష్టమును చెప్పుకొనును. పురుటికైనను ఆసుపత్రి గడప త్రొక్కియుండును, అచట రక్తపోటు చూచియుందురు. మగవాడు చెప్పుకొను చోటు ఏది? చెప్పుకొనుటకు బదులు సారాయి అంగడికి పోయెడివాడు. 2007లో కర్ణాటకమున సారాయి నిషేధింపబడినది. బ్రాంది అంగడి మిగిలినది. మద్యము నిద్ర తెచ్చినట్లు తోచును గాని నడిరేయి నిద్రను చెరచును, రక్తపోటును పెంచును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదునైదేండ్లు దాటిన మన దేశపు మగవారిలో నూటికి 24 మందికి రక్తపోటు హెచ్చుగా నున్నదని, లేదా దానికి మందు తీసికొనుచున్నారని తేలినది. ఆడవారిలో 21. మన దేశమున మగవాని సగటు ఆయుర్దాయము 2016-20 లెక్కలలో 68.6 ఏండ్లు, ఆడవారిది 71.4. ఆ నడుమ నున్న మూడేండ్లకు కారణములు పెక్కు గలవు. చెప్పుకొనకపోవుట వానిలో నొకటియని మా అభిప్రాయము.

నేత విడిచినవారి సంగతి వేరు కాదు. మా తాలూకాలో తిరుమణి మొదలగు అయిదు గ్రామముల చుట్టు సుమారు 13,000 ఎకరములలో సూర్యవిద్యుత్తు కేంద్రము 2018లో ప్రారంభమైనది. వానలు లేక వేరుసెనగ పండని భూములను ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలునకు ఇచ్చిన రైతులు ఆకాశమువంక చూచు బాధ తప్పినదందురు. భూమిలేని కూలివానికి ఆ కౌలు రాదు. అట్టివారు బెంగళూరు చేరి కట్టడపు పనులలో, రాత్రి కాపలా పనులలో నున్నారు. పగలు రేకులకప్పు క్రింద నిద్రపట్టక, రాత్రి నిద్ర ఆపుకొనుచు గడపువారిని మేము చూచితిమి. పండుగకు ఊరు వచ్చి రెండు దినములు నిద్రయే పోవుదురు.

మా మేనల్లునికి ఇప్పుడు నలువది యైదేండ్లు. తండ్రి గుంతను పూడ్చి అప్పుచేసి రెండు మరమగ్గములు పెట్టినాడు. కాళ్ల శ్రమ తగ్గినది. కంతులు వచ్చినవి, రొద వచ్చినది. నిరుడు ఒక అమావాస్యనాడు కరెంటు లేక మా యింటికి వచ్చినప్పుడు, మేము విశ్రాంతి పొందిన తరువాత కొనుక్కొన్న రక్తపోటు యంత్రమును చేతికి కట్టితిమి. ‘నాకేం మామా, ఊరికే సుస్తు’ అని నవ్వినాడు. మా అక్కగారు తలుపుదగ్గర నిలుచుండి అంకెలు ఆగువరకు ఏమియు మాటలాడలేదు. 162 మీద 102. ఆమెకు అంకెలు చదువుటకు రాదు. మా ముఖము చదివినది. మరునాడే ప్రభుత్వ ఆసుపత్రికి పంపితిమి. ముప్పదేండ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర చూచుటకు అచట డబ్బు తీసికొనరు; మాత్రలును ఉచితమే. వైద్యురాలు ఉప్పు తగ్గింపుమనెను, ఊరగాయ తగ్గింపుమనెను, రాత్రి ఏడు గంటలు నిద్రింపుమనెను. మొదటి రెండింటికి తల ఊపి మూడవదానికి నవ్వినాడట.

ఆ మూడవదానిని మా అక్కగారు తన చేతిలోనికి తీసికొనిరి. రాత్రి తొమ్మిది కాగానే ఆమెయే కొట్టములోనికి పోయి రెండు మరమగ్గముల మీటలును ఆర్పును. సగము పోగుమీద నున్నను ఆర్పును. మొదటి వారము వాదులాటలు జరిగినవి. ఇప్పుడు వాడు ఏమియు అనడు. చీరలు నెలకు ఒకటి రెండు తగ్గినవి, కంతు ఒకటి ఆలస్యమైనది, దానికి సావుకారు రెండు మాటలు అన్నాడు. మొన్న చూచినప్పుడు 136 మీద 86 ఉన్నది.